విమానం లక్ష్మయ్య డకోటా ఎక్కిన రోజు

కృష్ణానగర్‌లో వట్టి లక్ష్మయ్య ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆ గల్లీల్లో లక్ష్మయ్యలకేం కరువు? విమానం లక్ష్మయ్య అని అడగండి, చాయ్ పోసేవాడు గిన్నె దించి మరీ దారి చూపిస్తాడు. నలభై ఏళ్లు తెలుగు సినిమాల్లో విమానాల్ని ఊపింది ఆయనే.

ఊపడమేమిటంటారా? హీరోగారు విమానంలో కూర్చుని మబ్బులు చూస్తూ హీరోయిన్‌ను తలుచుకుంటుంటే ఉన్నట్టుండి ఒక కుదుపు వస్తుంది, గ్లాసులో జ్యూసు ఒలికి చొక్కా మీద పడుతుంది, చూశారూ? ఆ కుదుపు లక్ష్మయ్యది. ఆ విమానం గాల్లో ఉండదు. ఫిల్మ్‌నగర్‌లో ఏదో స్టూడియో షెడ్డులో లారీ ట్యూబుల మీద కూర్చుని ఉంటుంది. నాలుగు మూలలా కింద దుంగలు దూర్చి, మూలకిద్దరు చొప్పున ఎనిమిది మంది ఊపుతారు. పైన డైరెక్టరు కేక కిందివాళ్లకు వినపడదు కాబట్టి సెట్టు నేల మీద మడమతో రెండు దెబ్బలు కొడితే ఊపాలి, ఒక దెబ్బ కొడితే ఆపాలి. ఆ పద్ధతి పెట్టిందీ లక్ష్మయ్యే. ఎంత పెద్ద స్టారునైనా గాల్లో వణికించాడు గానీ, పాపం, తను మాత్రం డెబ్బై మూడేళ్లు వచ్చినా నేల విడిచి జానెడు పైకి లేవలేదు.

లేవాలని లేక కాదు. బేగంపేటలో పుట్టిన మనిషి. నిజాం సర్కారు, టాటాలు కలిసి డక్కన్ విమానాల కంపెనీ పెట్టిన కొత్తలోనే ఆయన తండ్రి అక్కడ మూటలు ఎక్కించే పనిలో చేరాడు. ఆ కంపెనీవి డకోటాలనే రెండింజన్ల విమానాలు. తర్వాత ప్రభుత్వం దేశంలో ఉన్న కంపెనీలన్నీ కలిపేసింది, విమానాలు అవే, అవి నిలిపే హ్యాంగరూ అదే. పద్దెనిమిదేళ్లు నిండగానే లక్ష్మయ్య కూడా అందులోనే హెల్పరయ్యాడు. ఇంజన్ల కింద కారిన నూనె తుడవడం, చక్రాలకు అడ్డం పెట్టిన చెక్కలు లాగడం, పొద్దున్నే ఇంజను వేసేముందు దాని ముందుండే మూడు రెక్కల పంకాను చేత్తో పట్టి తిప్పడం ఆయన పని. రాత్రంతా ఆగిన ఇంజన్లో నూనె అడుక్కు దిగి ఉంటుంది. తిప్పకుండా స్టార్ట్ చేస్తే ఇంజను పగులుతుంది. ఒక్కో ఇంజనుకు పదిహేను రెక్కలు దాటేదాకా తిప్పేవాడు. భుజాలు లాగేసేవి. అయినా ఆ ఉద్యోగం పోతుందేమోనని తప్ప ఆయనకు ఇంకో భయం ఉండేది కాదు.

డకోటా గురించి మొదలుపెట్టాడంటే ఆయన్ని ఆపే మొనగాడు లేడు. “అమెరికల పంతొమ్మిది వందల ముప్పై అయిదు డిసెంబర్ల మొదటిసారి లేసింది బిడ్డా. రైళ్ల లెక్క పండుకునే బెర్తులు గావాలన్నరంట, అందుకే పెయ్యి, గదే ఒళ్లు, వెడల్పు చేసిండ్రు. బెర్తులు తీసేస్తే ఇరవై ఒక్క సీట్లు పట్టినయ్. అప్పటిదాంక విమానాలు ఉత్తరాల మూటలు మోసి బతికినయ్. మనుషుల టికెట్ల మీదనే బతకొచ్చని సూపిచ్చింది గిదే.” యుద్ధం వస్తే పదివేలకు పైగా కట్టారట. యుద్ధం అయిపోయాక పాత సామాన్ల కింద అమ్ముకున్నారు. మన దేశంలో కొత్తగా పుట్టిన కంపెనీలన్నీ వాటినే కొని సీట్లు బిగించి ఎగరేశాయి. దేశం రెండు ముక్కలైనప్పుడు అవే సీట్లు పీకేసి, ఇరవై ఒక్క మంది పట్టే చోట వందమందిని కుక్కి తెచ్చాయి. ఇదంతా వింటూ వింటూ కౌసల్య, ఆయన భార్య, “సాలు తియ్, అన్నం సల్లారుతుంది” అని కసురుకునేది.

అన్నిటికంటే ఆయనకు ఇష్టమైన ముచ్చట వేరే ఉంది. డకోటా నేల మీద తోక మీద కూర్చుంటుంది. ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద బుల్లి చక్రం. తలుపు తోక దగ్గర. ఎక్కగానే గుట్ట ఎక్కినట్టు సీటు దాకా ఎగబాకాలి. కూర్చుంటే వీపు వెనక్కి వాలిపోతుంది. పరుగు అందుకున్నాక ముందు తోక లేస్తుంది. వాలిన వీపు దానంతట అదే నిటారవుతుంది. ఆ తర్వాతే చక్రాలు నేల విడుస్తాయి. “తోక లేసినప్పుడు కడుపుల ఒక తీరుగ అయితదంట” అనేవాడు లక్ష్మయ్య. అంట! పైలట్లు చెప్పుకుంటుంటే విన్నదే గాని తనకు తెలిసింది కాదు. ఒకసారి ఒక కెప్టెన్ జాలిపడి, రిపేరు తర్వాత ఉత్త విమానం తిప్పేటప్పుడు నిన్ను ఎక్కించుకుంటానన్నాడు. ఆ పొద్దున లక్ష్మయ్య రెండు ఇంజన్లూ తిప్పి, చేతులు కడుక్కుని, మెట్ల దాకా వెళ్లాడు. ఆఫీసరు బామ్మర్ది వచ్చి ఆ చోట్లో కూర్చున్నాడు. “నువ్వు రేపు ఎక్కుదువులే” అన్నారు. ఆ రేపు రాకుండానే డకోటాలు పాతసామాను కొట్లకు పోయాయి, లక్ష్మయ్య ఉద్యోగమూ పోయింది.

పాతసామాను కొట్లో ఒక డకోటా డొల్లను సినిమావాళ్లు కొన్నారు. దాన్ని ముక్కలు చేసి తెచ్చారు గానీ మళ్లీ ఎలా అతకాలో ఎవడికీ తెలియదు. అడుగుతూ అడుగుతూ లక్ష్మయ్యను పట్టుకొచ్చారు. ఆయన వచ్చాడు, అతికాడు, ఇక వెనక్కి పోలేదు. ఆ డొల్ల తుప్పు పట్టి పోయినా, తర్వాత ప్లైవుడ్డు విమానాలు, ఫైబరు విమానాలు వచ్చినా ఊపే చేతులు ఆయనవే. నాలుగేళ్ల కింద షుగరు కళ్ల మీదికి వచ్చింది. ముందు మసకలు, తర్వాత నీడలు, తర్వాత అవీ లేవు. ఆయన దగ్గరే పని నేర్చిన తిరుమలేశ్ మేస్త్రి అయ్యాడు. లక్ష్మయ్య గది గుమ్మంలో స్టూలు వేసుకుని, వచ్చేపోయే ఆటోల చప్పుడు వింటూ కూర్చునేవాడు.

అలాంటి సమయంలో క్రాంతికుమార్ మనుషులు వచ్చి తలుపు కొట్టారు. క్రాంతికుమార్ డైరెక్టరు. మొదటి సినిమా ఆడింది కనుక రెండో సినిమాకు ఆఫీసు జూబ్లీహిల్స్‌కు, చెప్పులు బ్రాండుకు మారాయి. ఈ రెండో సినిమా పాతకాలపు డకోటా పైలట్ కథ. లక్ష్మయ్యను కార్లో తీసుకెళ్లి, కుర్చీ వేసి, చేతికి కాఫీ ఇచ్చి, “మేస్త్రిగారూ, మీరే మాకు దిక్కండీ” అన్నాడు. ఆ “గారు” విని ఆయన పొంగిపోయాడు. నలభై ఏళ్లలో ఆయన్ని గారు అన్న డైరెక్టరు లేడు మరి.

రెండు నెలలు ఆయన బుర్రను గోకి గోకి తీసుకున్నారు. సీటుకూ సీటుకూ ఎంత దూరం, కిటికీ మూలలు గుండ్రమా పలకలా, తలుపు ఎటు తెరుచుకుంటుంది? ఆయన చేతులతో తడిమి చెప్పేవాడు. ఖాళీ ఉన్నప్పుడు ఆర్ట్ డిపార్ట్‌మెంటు కుర్రకారుకు ఆయనే కాలక్షేపం. ఒకరోజు ఇల్లూడ్చే మిషన్ గొట్టం చేతిలో పెట్టి, “తాతా, ఇది డకోటా ఇంజన్లో ఏ పార్టు?” అని అడిగారు. ఆయన తడిమి, వాసన చూసి, “గిది మీ ఇంట్ల చెత్త గుంజే పార్టు బిడ్డా” అన్నాడు. గొల్లున నవ్వారు. ఆయనా నవ్వాడు. అదంతా ఫోన్లో తీసి పెట్టుకున్నారన్న సంగతి ఆయనకు తెలియదు.

సెట్టు విషయంలో ఒక్క చోటే పేచీ వచ్చింది. నేల మీద ఉన్న విమానం సీను కోసం ఆయన చెప్పినట్టే వెనక వాలుగా కట్టారు. “తోక కింద జాకీలు వెట్టుండ్రి సార్, పరుగందుకున్నంక తోక లేవాలె” అన్నాడు లక్ష్మయ్య. క్రాంతికుమార్ నవ్వాడు. “మేస్త్రిగారూ, నేల మీద ఒక షాట్ తీస్తాం. కట్ చెప్తాం. సెట్టు లెవెల్ చేసి గాల్లో షాట్ తీస్తాం. మధ్యలో తోక లేచేది ఎవరు చూస్తారండీ?” నిజమే. సినిమాకు నేల ఒక షాట్, గాలి ఒక షాట్, మధ్యలో కట్.

నీకేం కావాలని అడిగితే ఆయన కోరింది ఒక్కటే. “ఒక్కపారి నిజం డకోటల తిప్పుండ్రి సార్. కండ్లు లేకున్న పర్వాలేదు. తోక లేసుడు నడుముకు తెలుస్తది.” క్రాంతికుమార్ ఆయన చేయి పట్టుకుని, “షూటింగ్‌కి నిజం డకోటా తెప్పిస్తున్నాం. మొదటి సీటు మీదే. నా మాట” అన్నాడు. ఆ మాట పట్టుకుని లక్ష్మయ్య నాలుగు నెలలు బతికాడు. ఇస్త్రీ చేయించిన తెల్ల చొక్కా మేకుకు తగిలించి, రోజూ తడిమి చూసుకునేవాడు. గల్లీ అంతా చెప్పాడు. “విమానం ఎప్పుడొస్తుంది తాతా?” అని పిల్లకాయల నుంచి పెద్దల దాకా ఎగతాళి. నోట్లో నాలుక లేని మనిషి కాదు గానీ, ఆ విషయంలో మాత్రం తిరిగి ఒక్క మాట అనేవాడు కాదు. ఎందుకంటే రోజులు పోతున్నకొద్దీ తనకే భయం పట్టుకుంది.

చివరికి ప్రణతి వచ్చింది. ఆ సినిమాకు పబ్లిసిటీ చూసే అమ్మాయి. ముందు కౌసల్యను బయటికి పిలిచి చాలాసేపు గుసగుసలాడింది. తర్వాత లోపలికొచ్చి, “తాతా, వచ్చేసింది! నాలుగు రోజుల్లో మీరు ఫ్లై అవుతున్నారు. అమ్మ కూడా మీ పక్క సీట్లో” అంది. లక్ష్మయ్య చెయ్యి మేకుకున్న తెల్ల చొక్కా మీదికి పోయింది. ఆ నాలుగు రోజులూ కౌసల్యను ఆఫీసు వాళ్లు పిలుస్తూనే ఉన్నారు. ఎందుకే అంటే, “సీరె కొలతలు, నగలు, ఏందేందో” అంది. ఆమెకది కొత్త కాదు. ముప్పై ఏళ్లు జూనియర్ ఆర్టిస్టుగా చేసింది. పెళ్లిళ్లలో అక్షింతలు వేసింది, చావుల్లో గుండెలు బాదుకుంది. అన్ని సినిమాల్లోనూ కలిపి ఒక్క డైలాగు లేదు, ఒక్క క్లోజప్పు లేదు. ఆ నాలుగు రోజులూ తిరుమలేశ్ ఒక్కసారి కూడా గుమ్మం తొక్కలేదు. పనిలో ఉండుంటాడనుకున్నాడు లక్ష్మయ్య.

ఆ పొద్దున కారు వచ్చింది. మధురానగర్ దాటడం, అమీర్‌పేట మెట్రో కింద హారన్లు ఆయన గుర్తుపట్టాడు. బేగంపేట ఇక దగ్గరే. అంతలో కారు మలుపు మీద మలుపు తిరిగి, ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది.

“గీడ గింత ఎక్కుడు లేదు గద బిడ్డా?”

“ఫ్లైఓవర్ తాతా, కొత్తది” అంది ప్రణతి. కొత్తవి కడుతూనే ఉంటారు కదా అని ఊరుకున్నాడు. పక్కన కౌసల్య ఒక్క ముక్క మాట్లాడలేదు. నోరు కట్టేసినా ఊరుకోని మనిషి!

కారు దిగగానే పెట్రోలు వాసన గుప్పుమంది. గాలి మొహాన కొట్టింది. ఇంజన్ల మోత చెవుల్లో పడగానే లక్ష్మయ్య చేయి చాపి అటు నడవబోయాడు. “పంకా ఒక్కపారి పట్టుకుంట” అన్నాడు. సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోరన్నారు. సరే. ఎవరో చేయి పట్టి మెట్లు ఎక్కించారు. లోపలికి అడుగు పెట్టాడు. పాదం కింద నేల ఎగువకు లేచి ఉంది! సీట్ల వీపులు పట్టుకుంటూ గుట్ట ఎక్కినట్టు ఎక్కాడు. అబ్బ! అప్పటిదాకా కడుపులో ఏ మూలో పీకుతున్న అనుమానం ఆ వాలుతో చప్పున వదిలిపోయింది. కూర్చుంటే వీపు వెనక్కి వాలింది. బెల్టు కట్టారు. “కౌసల్యా, సూస్తున్నవా? నే జెప్పలే?” అన్నాడు. ఆమె చేయి తన చేతిలో చెమటలు కక్కుతోంది. భయమేమోనని గట్టిగా పట్టుకున్నాడు.

మోత పెరిగింది. నేల అదరడం మొదలైంది. పరుగు. లక్ష్మయ్య ఊపిరి బిగబట్టాడు. ఇప్పుడు లేస్తుంది తోక. వాలిన వీపు నిటారవుతుంది. యాభై ఏళ్లు ఎదురుచూసిన మనిషికి ఇంకో పది క్షణాలు ఎంత? అదురు పెద్దదైంది. ఇంకా పెద్దదైంది. కిటికీలు దడదడలాడాయి. అంతలో మోత కాస్త తగ్గింది, అటూ ఇటూ మెత్తగా ఊగడం మొదలైంది, గాల్లో ఊగినట్టు.

వీపు ఇంకా వాలే ఉంది.

తోక లేవలేదు. లక్ష్మయ్య నడుముతో వెతికాడు, తొడలతో వెతికాడు. నేల అదే వాలు. విమానం ఎక్కడా లేవలేదు. అప్పుడే పక్కనుంచి వినపడింది, “ఏమండీ, ఎంత ఎత్తుకొచ్చేశామండీ! ఇళ్లన్నీ అగ్గిపెట్టెల్లా ఉన్నాయండీ! హుస్సేన్ సాగర్ చూడండి, గిన్నెలో నీళ్లలా ఎలా మెరుస్తుందో!”

నలభై ఆరేళ్ల కాపురంలో కౌసల్య ఆయన్ని ఏమండీ అనలేదు. ఏమయ్యా, ఇగో, ముసలోడా, అంతే. ఇది ఎవరో రాసిచ్చిన మాట. సినిమా మాట. ముప్పై ఏళ్లు దక్కని డైలాగు ఈవేళ దక్కింది, అదీ మొగుడి మీద!

ఇక అన్నీ తెలిసొచ్చాయి. పొద్దున కారు ఎక్కింది ఫ్లైఓవరు కాదు, ఫిల్మ్‌నగర్ గుట్ట. నిజం డకోటా మీద షూటింగ్‌ను వాళ్లు ఎప్పుడో ఎక్కడో ముగించుకుని వచ్చేసి ఉంటారు. పబ్లిసిటీకి ఆయన కల తీరిన వీడియో ఒకటి కావాలి, గుడ్డివాడికి ఏం తెలుస్తుందిలే అనుకున్నారు. నేల షాట్, గాలి షాట్, మధ్యలో కట్. చూపులేనివాడికి కట్ ఉండదన్న సంగతి వాళ్ల బుర్రకు తట్టలేదు. ఎడమ వెనక మూల ఊపు అర క్షణం ఆలస్యంగా వస్తోంది. అక్కడున్నవాడికి భుజం నొప్పి. ఆ ఎనిమిది మందినీ నిలబెట్టి నేర్పింది తనే. తిరుమలేశ్ ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది.

కడుపు మండిపోయింది లక్ష్మయ్యకు. బెల్టు తెంపుకుని, మడమతో ఒక్క దెబ్బ కొడితే చాలు, కిందివాళ్లు ఆపేస్తారు. కాలు ఎత్తాడు కూడా. దించలేకపోయాడు. ఆపితే ఏమవుతుంది? లేచి నిలబడి, గుడ్డికళ్లతో ఎవరి మొహాన ఉమ్ముతాడు? ఎవరు ఎటున్నారో కూడా తెలియదు. గల్లీలో మొహం ఎలా పెట్టుకుంటాడు? ఎత్తిన కాలు మెల్లగా కింద పెట్టాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. ఎదురుగా ఎక్కడో ప్రణతి గొంతు, సంతోషం పట్టలేక, “సార్, టియర్స్! టియర్స్ వచ్చేశాయి!” అని గుసగుసలాడింది.

కాసేపటికి “దిగింది”. ఇంజన్లు ఆగాయి. చప్పట్లు మోగాయి. క్రాంతికుమార్ మైకు పట్టుకొచ్చి, “మేస్త్రిగారూ, మీ కల తీరింది. ఎలా ఉందండీ?” అన్నాడు.

“మంచిగున్నది సార్” అన్నాడు లక్ష్మయ్య.

“ఒక్కసారి నవ్వుతూ చెప్పండి.”

లక్ష్మయ్య నవ్వలేదు. క్రాంతికుమార్ అటు వెళ్లి మానిటర్లో చూసుకున్నాడు. ఏడుపు ఉంది గానీ నవ్వు లేదు. కౌసల్య వాక్యం మధ్యలో కెమెరా కాస్త వణికింది. అసిస్టెంటుగా ఉన్నప్పటి నుంచీ షాట్ కుదరనప్పుడల్లా అనే మాట కదా, ఆలోచించకుండా క్రాంతికుమార్ నోట్లోంచి వచ్చేసింది. “నవ్వు పడలేదు. వన్ మోర్!”

నిజం విమానానికి వన్ మోర్ ఏమిటి? ఎవరో “సార్...” అని నసిగారు. ప్రణతి గబగబా అందుకుంది. “అంటే తాతా, పైలట్‌గారు మీకోసం ఇంకో రౌండ్ తిప్పుతానంటున్నారు!”

“తిప్పమను బిడ్డా” అన్నాడు లక్ష్మయ్య. తర్వాత కౌసల్య వైపు తల తిప్పి, చిన్నగా అడిగాడు. “డైలాగు ఎన్ని దినాలు నేర్పిచ్చిండ్రే?”

“నాలుగు” అంది కౌసల్య. “నీకు తెల్వదన్నరు. సంబురపడ్తడు, ఏమైతదన్నరు.”

“మంచిగనే జెప్పినవ్.”

మడమ దెబ్బలు రెండు. కింద తిరుమలేశ్ మనుషులు ఊపడం మొదలుపెట్టారు. “ఏమండీ, ఎంత ఎత్తు...” దగ్గర కౌసల్య డైలాగు ఆగిపోయింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ప్రణతి ఆపించింది. “అమ్మా, మీరు ఏడవకూడదు. మీది హ్యాపీ ఎక్స్‌ప్రెషన్. ఏడుపు తాతది మనకు వచ్చేసిందిగా.” ముక్కు తుడుచుకోమని టిష్యూ ఇచ్చారు, బొట్టు సరిచేశారు.

మూడోసారి కౌసల్య తడబడలేదు. ఇళ్లు అగ్గిపెట్టెలయ్యాయి, హుస్సేన్ సాగర్ గిన్నెలో నీళ్లలా మెరిసింది. లక్ష్మయ్య కిటికీ వైపు తల తిప్పి, నలభై ఏళ్లు హీరోలు నవ్విన నవ్వు నవ్వాడు. “ఎలా ఉందండీ?” అంటే, “గాల్లె తేలిపోయినట్టు ఉన్నది సార్” అన్నాడు. ఓకే అన్నారు. ఈసారి చప్పట్లు నిజంగా కొట్టారు. కిందివాళ్లు దుంగలు వదిలేసి, వెనక తలుపులోంచి ఒకరి వెంట ఒకరు జారుకున్నారు. తిరుమలేశ్ గొంతు ఎక్కడా వినపడలేదు.

కౌసల్య తన చేతిని ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుంది. లేచి, వాలులో జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ కెమెరా దాకా వెళ్లింది. “అమ్మా ప్రణతీ, మంచిగ వచ్చిందా? నా మొహం మొత్తం పడ్తదా, ఆయన పక్కపొంటి సగమేనా?” అని అడుగుతోంది. “ఫుల్ క్లోజప్ అమ్మా, అదరగొట్టేశారు!” అంటోంది ప్రణతి. ఆమె ఇంకోసారి చూపించమంటోంది. లక్ష్మయ్య ఒక్కడే సీట్లో వెనక్కి వాలి, బెల్టు బకిల్ ఎటుందో చేతులతో వెతుక్కుంటున్నాడు.